ఇంట్లో కుదరని వంట



కెనడా పడమటి తీరంలో, వాంకూవర్ నగరాన్ని ఆనుకుని, రిచ్‌మండ్ అనే ఊరుంది. ఫ్రేజర్ నది సముద్రంలో కలిసేచోట పాయల మధ్య ఏర్పడ్డ లంకల మీద కట్టిన ఊరు. గోదావరి లంకల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ నేల కొత్తగా అనిపించదు. చదునుగా, తడిగా, చుట్టూ కరకట్టలతో ఉంటుంది. వాంకూవర్ విమానాశ్రయం అని మనం చెప్పుకునేది కూడా నిజానికి ఈ రిచ్‌మండ్ హద్దుల్లోనే ఉంది. ఊరి జనంలో సగానికి పైగా చైనా మూలాలున్నవాళ్లు. నంబర్ త్రీ రోడ్డు అనే పెద్ద బజారు పొడుగునా అబర్డీన్ సెంటర్, యావోహాన్ సెంటర్, పార్కర్ ప్లేస్ అంటూ మాల్స్ కనిపిస్తాయి. ఇలాంటి చోట్ల ఒక పక్క సూపర్‌మార్కెట్ ఉంటే, దాని పక్కనే ఫుడ్ కోర్టు ఉండడం మామూలు. ఆ ఫుడ్ కోర్టులో నూడుల్స్ అమ్మేవాళ్లుంటారు, బబుల్ టీ అమ్మేవాళ్లుంటారు. వాళ్ల నడుమ, గాజు అరలో బాతులు వేలాడే అంగడి ఒకటి ఉంటుంది. నేనివాళ మాట్లాడబోయేది ఆ అంగడి గురించి.

ముందు గాజు వెనక ఏముందో చెబుతాను. అడ్డంగా ఒక స్టీలు కమ్మీ, దానికి కొక్కేలు. కొక్కేలకు బాతులు. పైనున్న దీపాల వెలుగుకి వాటి తోలు ముదురు ఎరుపుగా మెరుస్తూ ఉంటుంది. వాటి పక్కన జానెడు, మూరెడు పొడుగున కోసి కాల్చిన పందిమాంసపు కండలు. అంచులు నల్లగా మాడి, ఒంటినిండా తీపి జిగురు పట్టి ఉంటాయి. అది చార్ సియు. ఆ పక్కన పంది పొట్టభాగం పెద్ద పలకలా ఉంటుంది, పైన తోలంతా బుడగలు బుడగలుగా పొంగి బంగారు రంగులో ఉంటుంది. అది సియు యుక్. ఇంకా ఆ పక్కన సోయా సాస్‌లో ఉడికించిన గోధుమరంగు కోళ్లు, ఏ రంగూ లేకుండా తెల్లగా ఉడికించిన కోళ్లు. ఈ మొత్తం బృందాన్ని కాంటనీస్ భాషలో సియు మే అంటారు. కోళ్లు కాల్చినవి కావు, ఉడికించినవే. అయినా వాటినీ ఈ అంగట్లోనే అమ్ముతారు, బాతుల్ని కొట్టే మొద్దు మీదే, అదే కత్తితో కొడతారు.

మన ఊళ్లలో చైనీస్ అంటే ఫ్రైడ్ రైసు, నూడుల్సు, మంచూరియా. అందులో మంచూరియా మన దేశంలోనే పుట్టింది. మిగతా రెండూ మన చేతుల్లో పడ్డాక కారాలూ మసాలాలూ నేర్చుకున్నాయి. అందుకని సియు మే అంగడి ముందు మొదటిసారి నిలబడ్డ తెలుగువాళ్లకు తెలిసినదేదీ కంటికి ఆనదు. తలతో సహా వేలాడుతున్న బాతును చూసి కొందరు పక్కకు తప్పుకుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఏ తిండైనా కంటికి అలవాటు పడ్డాకే నోటికి వస్తుంది. కాసేపు ఆగి చూడమని మాత్రం అడుగుతాను. ఆ గాజు వెనక ఉన్నది వంటలన్నిటిలోకీ బాగా కష్టమైన వంటల్లో ఒకటి. అది మామూలు మనుషులకు అందే ధరకు, ట్రేలూ ప్లాస్టిక్ కుర్చీలూ ఉన్నచోట దొరుకుతోంది. అది దొరకవలసిన చోటు కూడా అదేనని నా గట్టి నమ్మకం.

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం, దాని రాజధాని గ్వాంగ్‌జౌ, కిందుగా సముద్రం ఒడ్డున హాంకాంగ్. కాంటనీస్ మాట్లాడే సీమ ఇది. హాంకాంగ్‌లో ఇళ్లు ఎంత ఇరుకో అందరికీ తెలిసిందే, వంటగదులు ఇంకా ఇరుకు. ఒక మూకుడు, ఆవిరి మీద ఉడికించే గిన్నె, అన్నం కుక్కరు ఉంటే వంటిల్లు నిండిపోతుంది. మంట మీద వేపడం, ఆవిరి మీద ఉడికించడం, నెమ్మదిగా సూపు కాచడం, ఈ మూడింట్లోనూ ఆ ఇల్లాళ్లు ఆరితేరినవాళ్లు. కాల్చడం మాత్రం ఇంటిపని కాదు. ఒవెన్ ఉన్న ఇళ్లే తక్కువ. ఉన్నా అందులో బాతును నిలువుగా వేలాడదీసే ఎత్తుండదు. అందుకని సాయంత్రం పని నుంచి ఇంటికి వెళ్లేవాళ్లు దారిలో అంగడి దగ్గర ఆగి, కాస్త చార్ సియు, అర బాతు కొట్టించుకుని పట్టుకుపోతారు. ఇంట్లో అన్నం, ఆకుకూర, సూపు ఎలాగూ ఉంటాయి. ఈ పొట్లం విప్పగానే ఆ భోజనం నిండుతుంది. అనుకోకుండా చుట్టాలొచ్చినా ఇదే మార్గం. హాంకాంగ్‌లో కాటీ లెక్కన తూస్తారు, కాటీ అంటే సుమారు 600 గ్రాములు. కెనడాలో పౌండు లెక్కన తూస్తారు.

మన దగ్గర దీనికి దగ్గరగా తోచేది హైదరాబాద్ హలీం. రంజాన్ నెలలో ఇటుకల భట్టీల మీద పెద్ద దేగిశాలు ఎక్కించి, గంటల తరబడి కర్రలతో దంచి తీసే హలీంను చాలామంది ఇంట్లో చేసుకోవాలనుకోరు. బజారుకెళ్లి తినడమే దాని పద్ధతి. అలా తింటేనే అది హలీం. కాంటనీసు వాళ్లకు సియు మే కూడా అంతే.

ఇంతకీ అందులో అంత కష్టమేముంది? బాతు సంగతి చూద్దాం. శుభ్రం చేసిన బాతుకు మెడ దగ్గర గంటు పెట్టి, పంపుతో గాలి ఎక్కిస్తారు. గాలి తోలుకీ లోపలి కండకీ మధ్య చేరి బాతు మొత్తం ఉబ్బుతుంది. తోలు అలా విడిపోతే, కాల్చేటప్పుడు కొవ్వు కరిగి కారిపోవడానికి దారి దొరుకుతుంది. తోలు తనపాటికి తాను వేగుతుంది. తరవాత పొట్టలోకి మసాలా దట్టిస్తారు. ఉప్పు, పంచదార, అల్లం, ఉల్లికాడలు, పులియబెట్టిన సోయా ముద్ద, వాటితోపాటు ఐదు దినుసుల పొడి. ఆ ఐదింట్లో అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, సోంపు మన బిర్యానీ డబ్బాలో ఉండేవే. ఐదోది సిచువాన్ మిరియం, దానికీ మన మిరియానికీ చుట్టరికం లేదు, నాలుక మీద పడగానే తిమ్మిరెక్కిస్తుంది. మసాలా పెట్టాక పొట్టను దబ్బనంలాంటి సూదితో కుట్టేస్తారు. రసం బయటికి పోకుండా కుట్టడం పెద్ద పని. కుట్టు ఒక్కచోట వదులైనా లోపలి రసమంతా మంటలో కారిపోతుంది, కండ ఎండిపోతుంది.

ఇంకా పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. ఇప్పుడు సలసల మరిగే నీళ్లు బాతు మీద గరిటెతో పోస్తారు. తోలు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. దాని మీద మాల్టోజ్ పాకం, వెనిగరు కలిపి పూస్తారు. మాల్టోజ్ అంటే ధాన్యం నుంచి తీసే చిక్కటి తీపి పాకం. పంచదార కంటే తీపి తక్కువ, పట్టుకునే గుణం ఎక్కువ. ఇంతా చేశాక బాతును కొక్కేనికి తగిలించి గాలికి ఆరబెడతారు. గంటల తరబడి ఆరాలి. ఒక్కొక్క అంగట్లో దీనికోసమే ఫ్యాన్లు పెట్టిన గది ఉంటుంది. ఇంట్లో చేద్దామనుకునేవాళ్లకు ఓపిక చాలనిది ఇక్కడే. తడి ఉన్నంతసేపూ తోలు 100 డిగ్రీల వేడిని దాటి పైకి పోదు, ఎందుకంటే వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి ఆరిపోయిన తోలు మీద అసలు సంగతి మొదలవుతుంది. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ పాకంలోని చక్కెరా వేడికి కలిసి కొత్త రంగునీ కొత్త వాసననీ పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయ్యార్ ఈ చర్యను వివరించాడు, అందుకే దానికి ఆయన పేరు పెట్టారు. రొట్టె పైపొరకీ, వేయించిన కాఫీ గింజకీ రంగూ వాసనా వచ్చేది దాని చలవే. గ్వాంగ్‌డాంగ్ పనివాళ్లకు మయ్యార్ పేరు తెలియనవసరం లేదు. ఏ పాకం పూస్తే, ఎంతసేపు ఆరితే ఆ రంగు వస్తుందో వాళ్ల చేతులకు తెలుసు.

అప్పుడు పొయ్యి. నిలువుగా, పీపా ఆకారంలో, మనిషి నడుము దాటే ఎత్తులో ఉండే స్టీలు పొయ్యి అది. అడుగున గ్యాసు మంట, పాతకాలపు చోట్ల బొగ్గులు. పైన మూత తీసి బాతుల్ని లోపల గుండ్రంగా వేలాడదీస్తారు. పెనానికో పళ్లేనికో తగలకుండా గాల్లో వేలాడడం వల్ల వేడి అన్ని వైపుల నుంచీ సమానంగా సోకుతుంది, కొవ్వు కిందికి కారిపోతుంది. గంటలోపే బాతు తయారు. ముందురోజు మొదలైన పనిలో నిప్పు వంతు ఇంతే. గాలి, తడి, సూది, పాకం, వీటి లెక్క సరిపోతే నిప్పు మాట వింటుంది. కాల్చే వంటల్లో గొప్పదనమంతా పొయ్యిదే అనుకునేవాళ్లు ఈ బాతును ఒకసారి గమనించాలి.

హాంకాంగ్‌లో బాతు కంటే పెద్దబాతుకు గౌరవం ఎక్కువ. కెనడాలో, అమెరికాలో ఈ అంగళ్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం మామూలు బాతే.

ఇక చార్ సియు. పంది భుజం దగ్గరి కండ, మెడ వైపు భాగం, దానికి బాగా కుదురుతుంది. అక్కడ కొవ్వు కండలోనే సన్నటి చారలుగా కలిసి ఉంటుంది. సోయా సాస్, హోయ్‌సిన్ సాస్, పంచదార, ఐదు దినుసుల పొడి, పులియబెట్టిన ఎర్ర టోఫు, గులాబీ వాసన వేసే ఒక రకం సారా, ఇవన్నీ కలిపి కండలకు పట్టించి నానబెడతారు. పొయ్యిలో కాలుతుండగా మధ్యలో తీసి, మాల్టోజ్ పాకంలో ముంచి, మళ్లీ లోపలికి పంపుతారు. అంచులు మాడాలి. ఆ మాడిన అంచుల్లోని చిరుచేదే తీపిని నోట్లో ఆపుతుంది. మాడని చార్ సియు వట్టి తీపి మాంసం, దాన్ని నేను మెచ్చుకోలేను. కొనేటప్పుడు కొవ్వూ కండా సగం సగం కావాలని అడగడం తెలిసినవాళ్ల పద్ధతి. కండ మాత్రమే చాలంటే ఇస్తారు, కానీ అది తొందరగా ఎండుతుంది.

సియు యుక్‌లో తోలే ప్రధానం. పంది పొట్టభాగాన్ని కాస్త ఉడికించి, తోలంతా సూదుల బ్రష్‌తో పొడుస్తారు. ఎన్ని పోట్లు పడితే అంత మంచిది. ఉప్పూ వెనిగరూ రాసి ఆరబెట్టి, ఆఖర్న పెద్ద మంట చూపిస్తారు. లోపలి తేమ ఆవిరై తోలును బుడగలుగా లేపుతుంది, పోట్ల గుండా కొవ్వు పైకి ఉబికి ఆ తోలును వేపుతుంది. మాడిన పైపొరను కత్తితో గీకేస్తే కింద బంగారు రంగు బయటపడుతుంది. ముక్క కొడుతున్నప్పుడు వచ్చే చప్పుడు ఫుడ్ కోర్టు ఆ చివరికి వినిపిస్తుంది. దీనికి తోడుగా ఆవపిండి ముద్ద ఇస్తారు, పసుపుపచ్చగా, ముక్కు పుటాలదాకా ఘాటెక్కించేది. ఆవ రుచి తెలిసిన తెలుగు నాలుకకు ఇది సులభంగా కలిసిపోతుంది.

పూర్తి పందిని ఇలాగే కాల్చితే అది విందు మాత్రమే కాదు, నైవేద్యం కూడా. ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ నాడు పెద్దల సమాధుల దగ్గర కాల్చిన పందిని పెట్టి, దణ్ణం పెట్టుకుని, తరవాత పంచుకుని తింటారు. పెళ్లైన మూడో రోజు పెళ్లికూతురు పుట్టింటికి వెళ్లేటప్పుడు మగపెళ్లివారు కాల్చిన పందిని పంపడం పాత ఆచారం. హాంకాంగ్‌లో సినిమా షూటింగ్ మొదలుపెట్టే రోజున పూజ చేసి కాల్చిన పందిని కోస్తారు. ఇవన్నీ చేసిపెట్టేది ఈ అంగళ్లవాళ్లే. రోజూ అన్నంలో పడే నాలుగు ముక్కలకూ, పితృదేవతలకు పెట్టే నైవేద్యానికీ ఒకటే పొయ్యి.

సోయా కోడి పద్ధతి వేరు. సోయా సాస్, పటికబెల్లం, అల్లం, అనాసపువ్వు, సారా వేసి కాచిన పులుసులో కోడిని ముంచి, మరగనివ్వకుండా, సన్నటి సెగ మీద ఉంచుతారు. కండ బిగుసుకోకుండా నెమ్మదిగా ఉడుకుతుంది. ఆ పులుసును పారబోయరు. రోజూ కాచి, తగ్గినంత కలిపి, మళ్లీ వాడతారు. ఎన్ని కోళ్లు మునిగితే అంత రుచి. తెల్లకోడిని సోయా లేకుండా ఉడికించి వెంటనే ఐసు నీళ్లలో వేస్తారు, తోలు బిగిసి నున్నగా అవుతుంది. దానికి అల్లం, ఉల్లికాడలు సన్నగా తరిగి వేడి నూనె పోసిన పచ్చడి తోడు. ఆ పచ్చడి వట్టి అన్నంలోకి కూడా ఎంత బాగుంటుందో తిన్నవాళ్లకు తెలుసు.

అంగడి మనిషి చేతిలో కత్తి గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. వెడల్పాటి, బరువైన కత్తి. కింద గుండ్రటి చెట్టు మొద్దు, మధ్యలో అరిగి గుంట పడి ఉంటుంది. బాతును నిలువునా రెండు చేస్తాడు. లోపలి రసాన్ని గిన్నెలోకి వంపుతాడు, మన అన్నం మీద పడేది అదే. తరవాత ఎముకలతో సహా వేలెడు వెడల్పు ముక్కలు కొడతాడు. ఒక్కో ముక్కకు ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ పడితే ఎముక చిట్లి నోట్లో గుచ్చుకుంటుంది. తోలు ముక్క నుంచి ఊడకూడదు. కొట్టిన ముక్కలన్నిటినీ కత్తి వెడల్పు మీదికి ఒక్క తోపుతో ఎత్తి, చెదరకుండా అన్నం మీద దింపుతాడు. ప్రతి ముక్కా దాని చోటనే ఉంటుంది. ఇంత పని అర నిమిషంలో అయిపోతుంది, ఈలోగా తరవాతి మనిషిని ఏం కావాలని అడుగుతూనే ఉంటాడు. వయసుతో పనిలేకుండా ఆడవాళ్లని లెంగ్ లోయి అనీ, మగవాళ్లని లెంగ్ చాయ్ అనీ పిలుస్తాడు. అందగత్తె, అందగాడు అని. డెబ్బై దాటిన బామ్మగారు కూడా ఆ పిలుపుకి పలికి, ఆ వేలాడే బాతుల్లో ఫలానాది కావాలని వేలు చూపించి మరీ కొట్టించుకుంటుంది.

ఈ తిండిని అంగడి ముందే కూర్చుని తినాలని నేను పట్టుబట్టడానికి కారణముంది. సియు యుక్ తోలూ బాతు తోలూ కరకరలాడేది కొట్టిన కొద్దిసేపే. మూత బిగించిన డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్తే అన్నం ఆవిరి పట్టి తోలు మెత్తబడుతుంది. ముందురోజు నుంచి తడిని తరిమిన శ్రమంతా పావుగంటలో పోతుంది. ఖరీదైన రెస్టారెంట్లో దాన్ని అందమైన పింగాణీ పళ్లెంలో సర్ది, వంటింటి నుంచి నడిపించి తెచ్చేసరికి కూడా కొంత పోతుంది. ఫుడ్ కోర్టులో మొద్దుకీ మన బల్లకీ మధ్య దూరం పది అడుగులు. అమ్మకం ఎడతెగకుండా ఉంటుంది కాబట్టి పొయ్యి కూడా చల్లబడదు, కొక్కేనికి ఎప్పుడూ కొత్త బాతే. పైగా సూపర్‌మార్కెట్ పక్కనే ఉండడం వల్ల కూరగాయలకొచ్చినవాళ్లు, బస్సు డ్రైవర్లు, కళాశాల పిల్లలు, రిటైరైన తాతలు అందరూ అక్కడే వరసలో నిలబడతారు. ఇంట్లో కుదరని వంట అందరికీ ఉమ్మడిగా ఉండాలంటే ఇలాంటి చోటే కావాలి.

ఈ అంగళ్ల పుట్టుక కూడా వీధిలోనే. హాంకాంగ్ వెల్లింగ్టన్ వీధిలో యుంగ్ కీ అనే పేరున్న రెస్టారెంటు ఉంది. కాల్చిన పెద్దబాతుకి ప్రపంచమంతా ఎరిగినది. దూరదేశాలకు విమానమెక్కేవాళ్లు అక్కడి బాతును పొట్లం కట్టించుకుని వెంట తీసుకుపోయేవాళ్లు. దాన్ని స్థాపించిన కామ్ షుయ్ ఫాయ్ మొదలుపెట్టింది వీధి అంగడితోనే. 1996లో స్టీఫెన్ చౌ తీసిన 'గాడ్ ఆఫ్ కుకరీ' అనే హాంకాంగ్ సినిమాలో, గొప్ప వంటల పోటీలో కథానాయకుడు చివరికి చేసిపెట్టేది ఒక గిన్నె అన్నం, మీద చార్ సియు, ఒక వేయించిన గుడ్డు. హాంకాంగ్ జనం ఆ గిన్నెను ఇప్పటికీ తలుచుకుంటారు. 2016లో సింగపూర్ చైనాటౌన్ కాంప్లెక్సులో సోయా కోడి అన్నం అమ్మే చాన్ హోన్ మెంగ్ అనే ఆయన అంగడికి, రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు వాళ్లు ఒక నక్షత్రం ఇచ్చారు. వీధి తినుబండారాల అంగళ్లకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 2021లో ఆ నక్షత్రం పోయింది. నక్షత్రం ఉన్నా పోయినా కోడి ఉడికే పద్ధతి అదే కదా. సింగపూర్ అంగళ్ల సంస్కృతిని 2020లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, నాకు ఎక్కువ సంతోషం కలిగించింది అదే.

ఈ పొయ్యి పసిఫిక్ దాటి రిచ్‌మండ్ దాకా రావడం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1880లలో కెనడా రైలుమార్గాన్ని పడమటి కొండల్లో తొలిచి వేసిన కూలీల్లో వేలమంది గ్వాంగ్‌డాంగ్ పల్లెలవాళ్లు. మార్గం పూర్తయిన 1885లోనే, చైనా నుంచి వచ్చే దాదాపు ప్రతి మనిషి మీదా 50 డాలర్ల తలపన్ను వేశారు. 1903 నాటికి దాన్ని 500 డాలర్లు చేశారు. 1923 నుంచి 1947 దాకా దాదాపు పూర్తిగా తలుపులు మూసేశారు. 1947లోనే, వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో చైనీయులకూ, మన దేశం నుంచి వెళ్లినవాళ్లకూ ఓటుహక్కు వచ్చింది. 1967లో చదువు, పని నైపుణ్యం చూసి రానిచ్చే పాయింట్ల పద్ధతి మొదలైంది. తరవాత, 1997లో హాంకాంగ్‌ను చైనాకు అప్పగిస్తామని 1984లో ఒప్పందం కుదిరేసరికి ఎన్నో కుటుంబాలు ముందుజాగ్రత్తగా వాంకూవర్ దారి పట్టాయి. వాళ్లతోపాటు కాల్చే పనివాళ్లూ వచ్చారు. తైవాన్ నుంచి వచ్చిన సిండీ లీ అనే ఆవిడ, 1993లో పక్క ఊరైన బర్నబీలో టీ అండ్ టీ అనే సూపర్‌మార్కెట్ తెరిచారు. కాయగూరలూ చేపలూ అమ్మే చోటనే వండిన తిండి కూడా అమ్మే పద్ధతి అలా దేశమంతా పాకింది. 2009లో లాబ్లా అనే పెద్ద కెనడా సంస్థ ఆ దుకాణాలను కొనేసింది.

ఈ వంట తన దారిలో ప్రభుత్వాల అనుమానాన్నీ దాటవలసి వచ్చింది. బాతును గాజు వెనక మామూలు గాలిలో వేలాడదీస్తారు కదా. ఆహారాన్ని బాగా చల్లగానో బాగా వేడిగానో ఉంచాలనే ఆరోగ్య నిబంధనకు అది పొసగదు. కాలిఫోర్నియాలో తనిఖీ అధికారులు అభ్యంతరం చెబితే, చైనాటౌన్ దుకాణదార్లు ఊరుకోలేదు. ఫ్రిజ్జులో పెడితే తోలు పాడవుతుంది, హీటర్ కింద పెడితే కండ ఎండుతుంది, మా వంట పద్ధతిలోనే సూక్ష్మజీవులు పెరగకుండా చేసే గుణముందని వాదించారు. 1982లో ఆ రాష్ట్రం వాళ్ల మాట మన్నించి చట్టం చేసింది. కాల్చిన బాతు తయారైన తరవాత నాలుగు గంటలదాకా మామూలు గాలిలో ఉంచవచ్చని. ఉప్పు, పాకం, ఆరబెట్టడం, పెద్ద వేడి, ఇవన్నీ కలిసి చేసే రక్షణను చట్టం గుర్తించింది. తరతరాల చేతిపనికి ఒక శాసనసభ అలా తలవూపడం నాకెంతో న్యాయంగా కనిపిస్తుంది.

వాంకూవర్ చుట్టుపక్కల, కాలిఫోర్నియాలో, సింగపూర్లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చేపలకీ, తాజా ఆకుకూరలకీ ఈ సూపర్‌మార్కెట్లకు వెళ్లే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. పక్కనున్న ఈ అంగడి దగ్గర కూడా ఒకసారి ఆగమని వాళ్లకు నా మనవి. పందిమాంసం తిననివాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బాతు, కోడి దొరుకుతాయి కానీ, అన్నిటినీ ఒకే మొద్దు మీద, ఒకే కత్తితో కొడతారు. అన్నం మీద పోసే రసం కూడా ఏ మాంసానిదో అడగాలి. ఆ పట్టింపు ఉన్నవాళ్లు అక్కడ తినకపోవడమే మంచిది. బాతు మనకు మరీ పరాయిదేమీ కాదు, కొల్లేటి చుట్టుపక్కలా గోదావరి జిల్లాల్లోనూ కోతలయ్యాక పొలాల్లో బాతుల మందలు తిరగడం మనం చూసిందే.

మొదటిసారి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం పన్నెండు లోపే వెళ్లాలి. అప్పటికి పొయ్యిలోంచి దిగినవి తాజాగా ఉంటాయి, వరస పెరిగి ఉండదు. ఒక్కొక్కటీ విడిగా అడగడం కంటే, రెండు రకాల మాంసాలు పెట్టిన అన్నం అడిగితే రుచీ తెలుస్తుంది, డబ్బూ కలిసొస్తుంది. నా మాట వింటే బాతు, చార్ సియు కలిపి అడగండి. బాతులో కాలు భాగం కావాలని చెప్పండి, ఒక్కోచోట కాస్త ఎక్కువ తీసుకుంటారు, అయినా నష్టం లేదు. పక్కన ఉడికించిన ఆకుకూర పెడతారు, దాన్ని వదిలేయకండి, తీపికీ కొవ్వుకీ అదే విరుగుడు. బాతుకి రేగుపండు రంగులో ఉండే పుల్లటి ప్లమ్ సాస్ ఒక చిన్న గిన్నెలో ఇస్తారు. మొదటి ముక్క మాత్రం ఏమీ అద్దుకోకుండా తినండి. తోలు, దాని కింద పల్చటి కొవ్వు పొర, దాని కింద రసం ఊరిన కండ, చివర్న ఎముక దగ్గర అనాసపువ్వు వాసన, ఒక్కొక్కటీ వరసగా తెలుస్తాయి. చేత్తో తింటే ఎవరూ ఏమీ అనుకోరు, ఎముకలున్న ముక్కను పక్క బల్లల వాళ్లూ చేత్తోనే పట్టుకుంటారు.

ఇంటికి అర బాతు కొనుక్కుపోయేవాళ్లు డబ్బా మూత కాస్త తెరిచి ఉంచమనండి, రసం వేరే గిన్నెలో పోయించుకోండి. తిన్నాక ఎముకలు పారేయకండి. ఒక గుప్పెడు బియ్యం, బోలెడన్ని నీళ్లు, ఒక అల్లం ముక్క, ఈ ఎముకలు వేసి సన్నటి సెగ మీద గంటన్నర ఉడకనిస్తే మెతుకు విడిపోయి గంజవుతుంది. పైన ఉల్లికాడలు, మిరియాల పొడి చల్లుకుంటే మర్నాడు పొద్దున ఫలహారానికి సరిపోతుంది. కాంటనీసు ఇళ్లలో ఆ బాతుతో ఇంట్లో చేసుకునే వంట ఇదే.